సుష్మ చెప్పిన పేరు

ఆ యాసంగిలో మా ఊళ్లో నాతో మాట్లాడినవాళ్లు జుర్మానా కట్టాలి. నేను ఎవరి గెట్టూ జరపలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. బోధన్ కాలేజీలో పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పేరు మార్కండేయ. నా భార్య సులోచన పోయాక మా ఇంట్లో మాటలు ఎలాగూ తగ్గాయి కాబట్టి మౌనం నాకు అలవాటే. కానీ మనిషి లేక ఇంట్లో పుట్టే మౌనం వేరు, ఊరంతా ఉండి కట్టుగా పాటించే మౌనం వేరు. మొదటిదాని ముందు నేను తల వంచాను. రెండోదాని ముందు వంచబుద్ధి కాలేదు.

దీనికంతటికీ మొదలు మా అమ్మాయి సుష్మ ఆడే ఆట.

సుష్మ హైదరాబాద్‌లో నాటకం చదువుకొని వచ్చింది. కాలువ అవతలి క్యాంపు కుర్రవాడు సతీష్‌బాబుతో కలిసి ప్రదర్శనలిస్తుంది. అతని తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్లు. ఇక్కడే పుట్టి పెరిగినా అతని మాట మాత్రం ఇంకా కృష్ణ ఒడ్డునే ఉంది. వీళ్లిద్దరి ప్రదర్శన సగం హాస్యం, సగం మనసులు చదవడం. ప్రేక్షకుల్లోంచి ఒకరిని లేపి, అతను తలుచుకున్న పేరు చెప్పేస్తారు. దాచిన ఉంగరం ఎవరి పిడికిట్లో ఉందో చెప్పేస్తారు. నిజామాబాద్‌లో పెళ్లిళ్లకు, కాలేజీ వార్షికోత్సవాలకు పిలుస్తున్నారు. జోడీకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘సగం సగం’.

అభ్యాసమంతా మా ముందు గదిలోనే. వాళ్ల మొదటి ప్రేక్షకుణ్ణి నేనే.

“బాపూ, ఒక కూరగాయ అనుకో. చెప్పకు.”

“అనుకున్న.”

“సొరకాయండి,” అన్నాడు సతీష్.

“కాదు,” అన్నాను.

సుష్మ పడీపడీ నవ్వింది. “అబద్ధం! అద్దాలు తీసి తుడుస్తుండు సూడు. మా బాపుకు అబద్ధమాడుడు రాదు సతీష్. ఆడిండంటే చేతులు అద్దాల మీదికి పోతయ్.”

అసలు కిటుకు కూడా నాకు చెప్పారు. సతీష్ చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. “జనం ఒక్కసారిగా నవ్వినప్పుడు ఎవరికివారు తమకి కావలసినవాళ్ల వైపు చూస్తారండి అంకుల్. ఉలిక్కిపడినప్పుడు దాచుకున్నదాని వైపు చూస్తారు. ఆ చూపు రెప్పపాటే ఉంటుంది. సుష్మ నవ్విస్తే నేను చూస్తాను, నేను నవ్విస్తే తను చూస్తుంది. మనసులు చదవడం ఏమీ లేదండి, కళ్లు చదవడమే.”

మాఘమాసంలో ఒక పొద్దున లక్ష్మీరాజం మా ఇంటికి వచ్చాడు. ఊరి అభివృద్ధి కమిటీకి అధ్యక్షుడు. ఊళ్లో సర్పంచి మాట ఒకసారి చెల్లకపోయినా కమిటీ మాట చెల్లుతుంది. లక్ష్మీరాజం చెడ్డవాడని నేననను. బడికి ప్రహరీ కట్టించాడు, నీళ్ల ప్లాంటు పెట్టించాడు. వాటికి పైసలు బెల్టు షాపు వేలంలోంచి వచ్చాయి. ఊళ్లో దొంగచాటుగా మందు అమ్ముకునే హక్కును కమిటీ ఏటా వేలం వేస్తుంది. ఆ సంక్రాంతి దాటాక ఎవరో ఫోన్ చేస్తే ఆబ్కారీ వాళ్లు జీపులో వచ్చి సీసాలన్నీ ఎత్తుకుపోయారు. వారం తిరగకముందే షాపు మళ్లీ తెరిచారు గానీ, ఫోన్ చేసింది ఎవరన్నది కమిటీకి కంట్లో నలుసులా ఉండిపోయింది.

“సార్, మన బిడ్డ ఊర్లపొంటి ప్రోగ్రాములు చేస్తుంది. మన ఊళ్లె మాత్రం కాలే. ఇజ్జత్ పోతలేదా మనది?” అన్నాడు లక్ష్మీరాజం కూర్చుంటూనే.

“అడిగితె ఎందుకు చెయ్యరు?”

“అడుగనీకే వచ్చిన. కమిటీ తరఫున. బడి మైదానంల. ఒక్కటే షరతు.” చాయ్ తెచ్చిన సుష్మ వైపు తిరిగాడు. “ఆఖర్ల మా ప్రశ్న ఒకటుంటది బిడ్డా. ఆబ్కారోళ్లకు ఫోన్ కొట్టినోడు ఎవడో స్టేజి మీదికెల్లి చెప్పాలె.”

“కాకా, మాది ఆట. నిజంగ మనసు చదువుడు ఉండదు.”

“ఉండదా? మా తమ్ముని బిడ్డ పెండ్లిల నా జేబుల షుగర్ గోళీలున్నయని మీవోడు చెప్పలేదా?”

సతీష్ మూలన కూర్చొని ఉన్నాడు. “మీరు జాంగ్రీల వైపు చూసి జేబు తడుముకున్నారండి,” అన్నాడు వినయంగా.

“గదే అంటున్న. వీన్ని గూడ గట్లనే పట్టున్రి.”

“పట్టం కాకా,” అంది సుష్మ.

లక్ష్మీరాజం కోప్పడలేదు. చాయ్ మొత్తం తాగి, కప్పు జాగ్రత్తగా కింద పెట్టాడు. “మంచిది. బార్డర్ అవతలికెల్లి ఒకాయనను తెస్తమంటున్నరు మనోళ్లు. పసుపు నీళ్లల్ల మొకాలు చూస్తడట. ఎవని మొకం కనవడితె వాడే. మీరు చదువుకున్నోళ్లు, మీరైతె మర్యాదగ ఉంటదనుకున్న.”

అతను వెళ్లిపోయాడు. కమిటీ ఒక ఇంటిని పక్కన పెడితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. ప్లాంటులో నీళ్లు పోయరు. కిరాణా ఇవ్వరు. మంగలి రాడు. కూలీలు దొరకరు, ట్రాక్టరు రాదు, వరి మడిలోనే రాలిపోవాల్సిందే. ఎవరైనా జాలిపడి పలకరిస్తే వాళ్లకు జుర్మానా. అంతకుముందు ఒక కుటుంబం అలాగే ఊరు విడిచి నవీపేట్ వెళ్లి అక్కడే స్థిరపడింది.

“పసుపు నీళ్లాయన ఎవర్నో ఒకర్ని అంటడు బాపు,” అంది సుష్మ చివరికి. “దిక్కులేనోళ్లనే అంటడు. మేం చేస్తే ఎవ్వర్నీ అనం. నవ్విచ్చి మరిపిస్తం.”

“ఏం చెప్పి?”

సతీష్ కళ్లు మూసుకొని, నుదుటి మీద వేళ్లు పెట్టి, గంభీరంగా గొంతు మార్చాడు. “నంబరు కనపడుతోందండీ... తొమ్మిది... నాలుగు... అరె, ఇది లక్ష్మీరాజంగారి నంబరేనండీ! కూర్చున్నప్పుడు జేబులో ఫోను దానంతటదే నొక్కుకుందండీ!” కళ్లు తెరిచాడు. “ఊరు నవ్వుతుంది. నవ్వాక ఎవరూ గట్టిగా అడగలేరండి అంకుల్.”

నాకు ధైర్యం చాలలేదు. అయినా వద్దనలేదు. సులోచన ఉంటే ఏమనేదో నాకు తెలుసు. పిల్ల ఒక పని తలకెత్తుకుంటే ఆమె వద్దనేది కాదు, అన్నం మాత్రం ఒక ముద్ద ఎక్కువ పెట్టేది. ఆ పూట నేనే వంకాయ కూర చేసి ఇద్దరికీ వడ్డించాను.

*

శివరాత్రి వెళ్లిన వారంలో, పొద్దు గుంకేవేళ బడి మైదానం నిండిపోయింది. మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు పట్టాలు పరిచారు. నేను వేదిక పక్కన, మైకు డబ్బా దగ్గర స్టూలు వేసుకున్నాను. పాఠాలు చెప్పినవాడి అలవాటు అది. ఏ సభకు వెళ్లినా ముఖాలు కనపడే చోటే నాకు ఊపిరి ఆడుతుంది.

“నమస్కారమండి,” అని మొదలుపెట్టాడు సతీష్. “నేను కాలవ అవతల క్యాంపు వాణ్ణండి. మా తాతగారు ఇక్కడికి వచ్చి...”

“అచ్చిండు! మీ తాత అచ్చేటప్పుడు మా తాతను అడిగిండా?” అంది సుష్మ.

“అడిగారండి. మీ తాతగారు ‘కూసోన్రి’ అన్నారటండి. అప్పట్నుంచీ కూర్చునే ఉన్నాం.”

మైదానం గొల్లుమంది. క్యాంపు నుంచి వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ నవ్వారు. సుష్మ దిగి జనంలోకి వెళ్లి, బొద్దుమీసాల పెద్దాయన ఒకరిని లేపింది.

“సతీషూ! గీ పెద్దమనిషి మనసుల ఏమున్నదో చెప్పు.”

“ఖాళీ అండి.”

“ఖాళీనా?”

“ఇంటి దగ్గర పెట్టి వచ్చారండి. ఆవిడ తాళం వేసుకున్నారు.”

ఆయన మీసాల కింద నవ్వుతూ ఆడవాళ్ల పట్టాల వైపు చూశాడు. ఆ చూపు చివర ఎవరున్నారో సుష్మ పేరుతో సహా చెప్పేసింది. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత సతీష్ కళ్లు మూసుకొని, “ఇక్కడ ఒకాయన పొలంలో మోటరు బందు పెట్టకుండా వచ్చారండి,” అనగానే నలుగురు లేచి ఇళ్లకు పరుగెత్తారు. ఊరు అంతలా నవ్వడం నేను చూసి ఎన్నేళ్లయిందో. ముత్తన్న పెళ్లాం వసంతమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. ముత్తన్న ఆ షాపులో తాగి కాలువ తూము మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచీ మంచంలోనే. కౌలు పొలం ఆమె ఒక్కతే చేస్తోంది. ఆమె నవ్వుతుంటే చూసి, ఈ ఆటకు ఇది చాలు అనుకున్నాను.

అప్పుడు లక్ష్మీరాజం వేదిక ఎక్కాడు. ఇది మేం అనుకోనిది. కింద కూర్చొని అడుగుతాడనుకున్నాం. అతను పైకి వచ్చి, ఇద్దరికీ మధ్యన నిలబడి, సతీష్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“నవ్వుడు అయింది. ఇగ అసలు ముచ్చట. మొన్న ఆబ్కారోళ్లకు ఫోన్ కొట్టినోళ్లు గీ మైదానంలనే ఉన్నరు.”

ఒక్క క్షణం. అంతే.

తీతువు పిట్ట పొలం గట్టున గుడ్లు పెడుతుంది. మనం దగ్గరికి వెళ్తే దూరంగా ఎగిరి, అరిచి, మన ధ్యాస మళ్లించాలని చూస్తుంది. కానీ ఎగిరే ముందు ఒకసారి గుడ్ల వైపు చూస్తుంది. క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా, కాపాడుకోవాలనుకున్నదాన్నే మన చూపు పట్టిస్తుందని అనేవాణ్ణి. ఆ సాయంత్రం పట్టాల మీద కూర్చున్న ఆడవాళ్లంతా అదే చేశారు. ఒక్క తల కూడా పూర్తిగా తిరగలేదు, కళ్లు మాత్రం తిరిగాయి. అన్నీ వసంతమ్మ మీదికే. ఎవరిలోనూ నింద లేదు. ఆ విషయం వాళ్లందరికీ తెలుసు, అందరూ కలిసి దాచుకున్నారు. వసంతమ్మ ఎవరి వైపూ చూడకుండా కొంగు వేలికి చుట్టుకుంటోంది.

సుష్మ చూసింది. సతీష్ చూశాడు. వాళ్లతోపాటు వేదిక మీద నిలబడ్డ లక్ష్మీరాజం కూడా చూశాడు. అతని నోరు తెరుచుకోవడం నేను చూశాను. సతీష్ నుదుటి మీద వేళ్లు పెట్టుకొని, దించేశాడు. ఫోన్ నంబరు జోకుకు కాలం చెల్లిపోయింది.

నేను కళ్లజోడు తీశాను. చొక్కా అంచుతో తుడవసాగాను.

సుష్మ నా వైపు చూసింది. మామూలుగానైతే ఆ పిల్ల అలా చూస్తే నేను తల తిప్పుకుంటాను. ఆ రోజు తిప్పుకోలేదు. అద్దాలు లేకుండా నా కూతురి ముఖం మసగ్గా కనపడుతోంది, అయినా అటే చూస్తూ తుడుస్తూనే ఉన్నాను. ముందు ఆమె తల అడ్డంగా ఊగినట్టు అనిపించింది. తర్వాత ఊగడం ఆగింది.

“ఆగు కాకా,” అంది సుష్మ. మైకు లేకుండానే ఆ గొంతు చివరి వరుస దాకా వినపడింది. “దొరికిండు.”

“ఎవలు?”

“మా బాపు.”

కొందరు నవ్వారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. సుష్మ నవ్వలేదు. “నవ్వకున్రి. నిజమే చెప్తున్న. ఫోన్ చేసింది మార్కండేయ సార్. అడుగున్రి కావాలంటే.”

లక్ష్మీరాజం పట్టాల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. సుష్మ అప్పటిదాకా చెప్పినవన్నీ నిజమయ్యాయి. ఇదొక్కటి అబద్ధమంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు?

“నిజమేనా సార్?”

కళ్లజోడు పెట్టుకొని లేచి నిలబడ్డాను. “నిజమే.”

ఇంటికి వచ్చాక సుష్మ పొయ్యి మీద పాలు పెట్టింది. సతీష్ గడప మీద కూర్చున్నాడు.

“ఎందుకు తుడిచినవ్ బాపు?”

“నా పింఛను కమిటీ ఇచ్చేది కాదు బిడ్డా. ఆమె పొలం కోసేది మాత్రం కమిటీ మనుషులే.”

“రేపటికెల్లి అందరు నన్నేమంటరో ఎర్కేనా?”

“ఎర్కే. నీ మీద వేసిన బరువే ఎక్కువ. నువ్వు మొయ్యగలవనుకున్న.”

సుష్మ చాయ్ వడపోసి నాకిచ్చింది. చక్కెర రెట్టింపు పడింది. నేను అలాగే తాగాను.

*

మర్నాడే కమిటీ డప్పు వేయించింది. నేను జుర్మానా కట్టి, గుడి ముందు అందరి కాళ్లకూ మొక్కి తప్పయిందని ఒప్పుకునేదాకా నాతో ఎవరూ మాట్లాడకూడదు, ఏమీ ఇవ్వకూడదు, ఏమీ పుచ్చుకోకూడదు. నేను కట్టనన్నాను. అంతకుముందు జీవితంలో ఎవరికీ అంత పొట్టి జవాబు చెప్పినట్టు గుర్తులేదు.

నీళ్లకు, పాలకు మోటరు సైకిలు మీద బోధన్ వెళ్లొచ్చేవాణ్ణి. క్షవరం అక్కడే. మొదటి వారం వీధిలో నడుస్తుంటే ముఖాలు తలుపుల్లోకి తప్పుకునేవి. తర్వాత్తర్వాత ఆ మౌనంలోనూ తేడాలు తెలిశాయి. ఒకరోజు మా గోడ మీద తోటకూర కట్ట, తడి ఆరకుండా. ఇంకోరోజు నీళ్ల ఆటో మా గేటు ముందు ఆగి, ఒక డబ్బా దించి, మరిచిపోయినట్టు వెళ్లిపోయింది. ఎదురింటి ముసలవ్వ మాట్లాడటం మానలేదు, కాకపోతే నాతో అనాల్సినవన్నీ తన బర్రెతో అనేది. “ఎండ కొడుతుందే, నెత్తికి తువ్వాల కట్టుకోవాలె గని గట్ల పోతరా?” నేను ఆగి తువ్వాలు కట్టుకునేవాణ్ణి. బర్రె నెమరు వేసేది.

సతీష్ ఊరికి చెందినవాడు కాదు కాబట్టి కమిటీ కట్టు అతనికి తగలదు. ఆ సంగతి అందరికీ తెలియాలని వీధి మొదట్నుంచే అరుచుకుంటూ వచ్చేవాడు. “అంకుల్‌గారూ! టిఫినైందాండీ? మా అమ్మ గోంగూర పచ్చడి పంపిందండీ! ఎండుమిరపకాయలు ఎక్కువయ్యాయేమో చూడమందండీ!” వీధి వీధంతా వినేది. వాళ్లమ్మ రత్తమ్మగారు కూడా ఒకసారి స్వయంగా వచ్చి, “అన్నయ్యగారూ, మా క్యాంపులో ఇల్లు ఖాళీగా ఉంది, వచ్చేయండి,” అన్నారు. మీ మాటే చాలమ్మా, ఊరు విడవను అన్నాను.

దెబ్బ తగిలింది సుష్మకే. బోధన్ బస్టాండులో, నిజామాబాద్ హాళ్లలో, ‘తండ్రినే పట్టిచ్చిన పిల్ల’ అని వేలు చూపేవాళ్లు. విచిత్రం ఏమిటంటే ఆ పేరుతోనే ప్రదర్శనలు పెరిగాయి. అబద్ధం చెప్పని సోదెమ్మ దొరికినట్టు, కోడళ్ల నగలు పోయాయని, కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో చూడమని ఫోన్లు. అవన్నీ సుష్మ కాదనేది. నవ్వించే ఆటకు మాత్రమే వెళ్లేది. ఒకసారి నిజామాబాద్‌లో ఒక కాలేజీ ప్రదర్శనకు నన్నూ తీసుకెళ్లింది. మధ్యలో వెనక వరుస నుంచి ఒక కుర్రవాడు లేచాడు.

“అక్కా, మీ నాయన్నే పట్టిచ్చినవట గదా?”

హాలు చల్లబడింది. సతీష్ ముందుకు రాబోతే సుష్మ చేత్తో ఆపింది.

“అవు తమ్మీ, పట్టిచ్చిన. మా ఇంట్ల మనసులు మంచిగుంటయ్, చదువుడు అల్కగ. నీది చదవాల్నా?”

అతను కూర్చున్నాడు. హాలు నవ్వింది. ఆమె ఆ నవ్వు అణిగేదాకా ఆగి, ఆట కొనసాగించింది. నేను మూడో వరుసలో కూర్చొని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

వరి పొట్ట విప్పాక, ఒక తెల్లవారుజామున పెరటి గోడ అవతల గాజుల చప్పుడైంది. వసంతమ్మ.

“సార్, నేను పొయ్యి ఒప్పుకుంట. నాకు అన్నం పోతలేదు.”

“ఎవలితోని మాట్లాడుతున్నవో చూసుకో. జుర్మానా పడ్తది.”

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “నా వల్ల మీకు, బిడ్డకు...”

“వరి ఎట్లున్నది?”

“పాలు పోసుకుంటున్నది సార్.”

“గింజ గట్టివడేదాక నీ నోరు గట్టిగ పెట్టుకో. ముత్తన్న ఎట్లున్నడు?”

“కూసోవెడితె కూసుంటుండు. మందు అడుగుతలేడు. అడిగినా తెచ్చేటోడు లేడు.”

“మరి నువ్వు చేసింది తప్పెట్లయితది? పో, పొద్దెక్కుతుంది.”

*

ఉగాది దాటింది. కాలువ కింద మడులన్నీ పసుపు తిరిగాయి, కోతలు మొదలయ్యాయి. అప్పుడు కమిటీ మా ఇంటికి వచ్చింది. లక్ష్మీరాజం, మరో ముగ్గురు, వాళ్ల వెనక రామ్‌దాస్. రామ్‌దాస్ నా దగ్గర ఇంటర్ చదివాడు. ఊళ్లో కోత మిషను అతనిదే. సుష్మ, సతీష్ అభ్యాసం ఆపి గోడకు ఆనుకొని నిలబడ్డారు.

“కూసోన్రి. మాట్లాడితె జుర్మానా గద మీకు?” అన్నాను.

“మాకు కమిటీ పర్మిషన్ ఇచ్చింది,” అన్నాడు లక్ష్మీరాజం.

“కమిటీ అంటె?”

“మేమే.”

సతీష్ దగ్గి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“సార్, తిరుగుడు లేకుండ మాట్లాడుకుందం. ఫోన్ చేసింది మీరు కాదు. ఆ దినం స్టేజి మీద నేను గూడ ఉన్న. ఆడోళ్ల చూపులు ఎటువోయినయో నేను గూడ చూసిన. మీ బిడ్డ చెప్పిందని ఊరు నమ్ముతుంది, నేనేం చెప్పినా వింటలేరు. మీరొక్క మాట అనున్రి. ‘నేను కాదు’ అంతే. జుర్మానా లేదు, కాళ్లు మొక్కుడు లేదు. శాలువా కప్పుతం.”

“తర్వాత?”

“తర్వాత ముచ్చట మాది.”

“కోత మిషను ఎవల మడిలకు పోవాలె, ఎవల మడిలకు పోవద్దు. గదేనా ముచ్చట?”

రామ్‌దాస్ నేల చూస్తున్నాడు. క్లాసులో జవాబు తెలిసీ చెయ్యి ఎత్తనప్పుడు కూడా అలాగే కూర్చునేవాడు.

“మీరు పెద్దమనిషి సార్. ఎవరి తప్పో మీరెందుకు మోస్తరు? మీకు ఊరు కావాల్నా వద్దా?”

ఊరు నాకు కావాలి. ఆ క్షణంలో ఎంత కావాలో నాకే ఆశ్చర్యమేసింది. బర్రెతో మాట్లాడే అవ్వ కావాలి. ఆటోవాడు పేరుపెట్టి పిలవాలి. ‘నేను కాదు’ అన్నది నిజం కూడాను. ఇన్నాళ్లుగా మోస్తున్న అబద్ధాన్ని దించుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి దొరకదు. సుష్మ నా చేతుల వైపే చూస్తోంది.

నేను జేబులోంచి ఫోను తీశాను. ఠాణా నంబరు నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. రెండుసార్లు మోగి అవతల ఎవరో ఎత్తారు.

“నమస్తే సార్. నా పేరు మార్కండేయ. రిటైర్డ్ లెక్చరర్‌ను. దుబ్బారం నుంచి మాట్లాడుతున్న. మా ఊళ్లె బెల్టు షాపు నడుస్తుంది. దాని మీద ఆబ్కారోళ్లకు ఫోన్ పోయిందని కమిటీ నన్ను వెలేసింది. నాతోని మాట్లాడినోళ్లకు జుర్మానా పెట్టిన్రు. ఇప్పుడు ఇంకొకల మీదికి పోదామని చూస్తున్నరు.”

“సార్!” అని లేచాడు లక్ష్మీరాజం.

“కమిటీ పెద్దలు మా ఇంట్లనే ఉన్నరు. పేర్లు చెప్తా, రాసుకోండి.” ఒక్కొక్కరి పేరుకూ గారు తగిలించే చెప్పాను. రామ్‌దాస్ పేరు కూడా.

“సాక్షులు ఉన్నారా అండీ?” అంది అవతలి గొంతు. ఆ గొంతులో విసుగు లేదు. మంచివాడు దొరికాడు అనుకున్నాను.

గదిలో చూశాను. పిల్లలిద్దరూ నోరు తెరవబోతే వద్దన్నట్టు చెయ్యి చూపాను.

“ఇప్పటికైతే నేనొక్కణ్నే. నా పేరు రాసుకోండి.”

రాసుకుంటున్నానని, సాయంత్రం లోపల ఎస్సైగారు వస్తారని చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు.

లక్ష్మీరాజం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “ఏం పని సార్ ఇది?”

“ఇప్పుడు చెప్పు లక్ష్మీరాజం. ఫోన్ చేసింది నేను కాదంటె ఎవలన్న నమ్ముతరా?”

అతను కండువా దులుపుకొని బయటికి నడిచాడు. మిగతావాళ్లు వెనకే కదిలారు. గేటు దగ్గర ఎవరో ఎవరినో తిడుతున్నారు. మోటరు సైకిళ్లు ఒకటొకటిగా అందుకున్నాయి. సుష్మ వచ్చి నా పక్కన కూర్చుంది. భుజానికి భుజం ఆనించింది.

అరుగు మీద ఇంకా ఎవరో ఉన్నట్టనిపించి తల ఎత్తాను. రామ్‌దాస్. చెప్పులు వేసుకొని, మళ్లీ విడిచి, గడప దాకా వచ్చాడు. చేతిలో ఫోను ఉంది.

“సార్,” అన్నాడు.

“చెప్పు రామ్‌దాస్.”

“ఆ నంబరు నాకు గూడ చెప్పున్రి.”

చెప్పాను. ఒక్కొక్క అంకె, నెమ్మదిగా, అతను నొక్కేదాకా ఆగుతూ.